తాడు తెగిన వాలు

పదకొండూ నలభైకి
ప్రాసిక్యూటర్ మిస్ రాంకిన్ కాగితాలు సర్దుకుని
"మా సాక్ష్యం ముగిసింది" అంది.
ఆల్బన్ సురెట్ వకీలు లేచీ లేవకుండానే
"మేమెవర్నీ పిలవడం లేదు" అన్నాడు.
నేను "సరే" అన్నాను.
అంతే.
ఆటు వేళ రేవులో నీళ్ళు వెనక్కి పోయినంత నిశ్శబ్దంగా
నా అధికారం సగం వెళ్ళిపోయింది.

కేసు చిన్నదే.
నోవా స్కోషియా తీరం, మే నెల, పొగమంచు రాత్రి.
తాదే మ్యూజ్ దింపిన నలభై రెండు లాబ్‌స్టర్ బోన్లు
తాళ్ళు తెగి అడుగునే ఉండిపోయాయి.
మా ముందు ఒక కత్తి, ఎగ్జిబిట్ మూడు.
ఒక తాడుముక్క, ఎగ్జిబిట్ నాలుగు.
ఇద్దరి తాతల నాటి తగాదా ఒకటి,
దానికి నంబరు లేదు.

మధ్యాహ్నం నా గదిలో
చేపల సూపు చల్లారిపోతుంటే
తాడుముక్కని దీపం కింద తిప్పి చూశాను.
తెగిన అంచుకి ఒక వాలుంది.
మా నాన్న తాడు కోస్తే అలాగే పడేది.
మా నాన్నది ఎడమచేతివాటం.

ఇది నాకు తెలిసిన సంగతి.
కోర్టుకి తెలిసిన సంగతి కాదు.
నా బాల్యాన్ని ఎవరూ ప్రమాణం చేయించలేదు,
ఎవరూ క్రాస్ చేయలేదు.

సురెట్ ఏ చేతివాడు?
రెండు రోజుల్లో ఎవరూ అడగలేదు.
అతను మాత్రం రెండు చేతులూ
మోకాళ్ళ మధ్య ఇరికించుకుని కూర్చున్నాడు,
చలికో, వకీలు చెప్పాడనో.

నిన్న మ్యూజ్ సాక్షి బోనులో ఉన్నాడు.
"అతను వల ఏ చేత్తో అల్లుతాడు?" అని
నిన్నైతే మాట తేటపడడానికి అడగగలిగేదాన్ని.
ఇవాళ అదే మనిషి మూడో వరుసలో
దగ్గు బిళ్ళ చప్పరిస్తున్నాడు.
నాకూ అతనికీ మధ్య పన్నెండు అడుగులు,
ఒక "సరే".

తలుపు లేదని కాదు.
మిస్ రాంకిన్ లేచి, మళ్ళీ తెరవండి అని కోరితే
ఎందుకు మరిచారో వింటాను,
ముద్దాయికి అన్యాయమవుతుందేమో తూచి చూస్తాను.
కానీ ఆ తలుపు ఆమె తట్టాలి.
తట్టమని నేను చెప్పకూడదు.
ఎగ్జిబిట్ నాలుగు వైపు ఒక్క క్షణం ఎక్కువ చూసినా
చెప్పినట్టే.
అందుకే వాదనలు సాగినంతసేపూ
గోడ గడియారాన్నే చూస్తూ కూర్చున్నాను.
నాకు విసుగొచ్చిందనుకుని
ఆమె పాపం తొందరగా ముగించింది.

నిజం చెప్పాలంటే
కుడిచెయ్యి అని జవాబు రావాలనుందో
ఎడమ అని రావాలనుందో
నాకే తెలియదు.
తెలియని ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతుంటే
రుజువైంది ఇంత, కానిది ఇంత అని
పసుపు కాగితం మీద గీత గీశాను.

ఈ తీరంలో ప్రతి లాబ్‌స్టర్ బోనుకీ
చిన్నవి జారిపోవడానికి ఒక కంత ఉంచాలి.
లేకపోతే జరిమానా.
ఆ కంతలోంచి అప్పుడప్పుడు
పెద్దదేదో ఒళ్ళు కుదించుకుని పోతుంది.
అయినా కంత మూసెయ్యమని ఏ జాలరీ అనగా వినలేదు.

మూడు గంటలకి చదివాను: "రుజువు కాలేదు."
మ్యూజ్ టోపీ పెట్టుకుంటూ
ఫ్రెంచిలో నన్నొక మాటన్నాడు.
క్లర్కు అప్పటికే రికార్డింగ్ ఆపేసింది.
ఆ మాట నాకు అర్థమైంది.
మా అమ్మ కూడా ఆ మాటే వాడేది.

అక్టోబరులో, ఇనుప సామాన్ల కొట్లో
వరుసలో నా ముందు సురెట్.
చేతిలో కొత్త తాడు చుట్ట.
కొట్టువాడు కొలిచిచ్చి, కత్తి అతనికే అందించాడు.

నేను చప్పున తల తిప్పుకుని
పెయింటు డబ్బాల మీద రంగుల పేర్లు చదివాను.
మంచు తెలుపు. రేవు బూడిద. తుప్పు ఎరుపు.
వెనక తాడు తెగిన చప్పుడు వినపడింది.
మంచు తెలుపు నుంచి
మళ్ళీ మొదలుపెట్టాను.